అదనపు వారంటీ: ఎప్పుడు కొనాలి, ఎప్పుడు వద్దనాలి

మొవ్వ, కూచిపూడి, పామర్రు చుట్టుపక్కల ఇళ్ళలోకి పెద్ద వస్తువులు వచ్చే వేళలు కొన్ని ఉన్నాయి. ధాన్యం డబ్బు చేతికందినప్పుడు, అమ్మాయికి సారె సర్దేటప్పుడు, దసరా సంక్రాంతి ఆఫర్లు మొదలైనప్పుడు, రోహిణి కార్తె ఎండకు ఇంట్లో పెద్దవాళ్ళు తాళలేకపోతున్నప్పుడు. ఇంటిల్లిపాదీ కలిసి గుడివాడో బందరో బెజవాడో వెళ్తారు. నాలుగు షాపులు తిరిగి, గీచి గీచి బేరమాడి, ఐదొందలో వెయ్యో తగ్గించుకుంటారు. తీరా బిల్లు కొట్టే చోట కుర్రవాడు మెల్లగా అంటాడు: "ఇంకో మూడు వేలు వేసుకోండమ్మా, మూడేళ్ళదాకా మీకు చిల్లిగవ్వ ఖర్చుండదు. రేపు బోర్డు పోతే అదొక్కటే ఏడెనిమిది వేలండీ." వెయ్యి రూపాయల కోసం గంటసేపు బేరమాడిన మనిషే ఆ మూడు వేలకు అర నిమిషంలో తలూపేస్తారు.

అలా తలూపడం తెలివితక్కువతనం కాదు. అప్పటికే అలసిపోయి ఉంటాం. ముప్పై వేలు పెట్టిన చోట మూడు వేలు చిన్నగా కనిపిస్తాయి. కష్టార్జితంతో కొన్న వస్తువు పాడవుతుందన్న మాట వినగానే మనసు బెదురుతుంది. ఇవన్నీ అమ్మేవాళ్ళకు తెలుసు. అందుకే ఆ మాట బేరం మొదట్లో రాదు, చివర్లో వస్తుంది.

ఈ అధ్యాయంలో చెప్పదలచింది ఒకటే. మన డెల్టాలో ఇంటి వస్తువుల్ని ఎక్కువగా చెడగొట్టేవి ఏవో, ఆ వారంటీ కాగితంలో "వర్తించదు" అని రాసి ఉండేవి దాదాపు అవే. కాబట్టి చాలా వస్తువులకు ఆ డబ్బును వస్తువు కాపుదలకు, రిపేరు నిధికి మళ్ళించడం మేలు. ఒకటి రెండు వస్తువులకు మాత్రం, కాగితం చదివి, కొనడం సబబే. ఏది ఎందుకో చూద్దాం.

మీరు కొనేది ఏమిటి?

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ లాంటివాటికి కంపెనీ సాధారణంగా ఏడాదిపాటు పూర్తి వారంటీ ఇస్తుంది. అది ధరలోనే కలిసి ఉంటుంది. దానికి తోడు ఖరీదైన ఒక భాగానికి విడిగా పొడవాటి వారంటీ ఉంటుంది. ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్లకు పదేళ్ళు, వాషింగ్ మెషీన్ మోటారుకు పదేళ్ళో అంతకు మించో ఇవ్వడం ఇప్పుడు మామూలే. అంటే ఫ్రిజ్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగానికి మీరు అదనంగా పైసా కట్టకుండానే రక్షణ ఉంది. అయితే ఆ పదేళ్ళ మాట కంప్రెసర్ వరకే. గ్యాస్ నింపడం, మెకానిక్ కూలి, రాకపోకల ఖర్చు చాలాసార్లు మనమీదే పడతాయి.

అదనపు వారంటీ ఈ మొదటి ఏడాది పూర్తయ్యాక మొదలవుతుంది. "మూడేళ్ళ వారంటీ" అంటే కొత్తగా మూడేళ్ళా, మొదటి ఏడాదితో కలిపి మూడేళ్ళా అని అడగండి. కలిపి అయితే మీరు డబ్బు కట్టింది రెండేళ్ళకే. ఆ రెండేళ్ళలో కొత్తగా రక్షణ వచ్చేది థర్మోస్టాట్, ఫ్యాను, బోర్డు, గ్యాస్ లాంటివాటికి. డోర్ రబ్బరు, ప్లాస్టిక్ ట్రేలు, బల్బులు, ఫిల్టర్లు చాలా ప్లాన్లలో ఉండవు.

ఇంకొక మాట. యంత్రాల్లో తయారీ లోపం ఉంటే అది మొదటి నెలల్లోనే బయటపడుతుంది, లేదంటే అవి బాగా పాతబడ్డాక అరిగిపోయి చెడతాయి. ఈ రెంటి నడుమ ఉన్న ఏళ్ళు సాధారణంగా నెమ్మదిగా గడిచిపోతాయి. అదనపు వారంటీ అమ్మేది సరిగ్గా ఆ నడిమి ఏళ్ళకే.

డెల్టాలో వస్తువులకు ఉన్న ఐదుగురు శత్రువులు

మొదటిది కరెంటు. ఇంటికి రావలసింది 230 వోల్టులు. వేసవి రాత్రి ఊరంతా ఏసీలు వేసినప్పుడు అది పడిపోతుంది. గాలివానకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తెగితే ఒక్కసారిగా దాదాపు 400 దాకా ఎగబాకగలదు. బోర్డులు ఎక్కువగా కాలేది ఇలాంటప్పుడే. వారంటీ కాగితంలో చూడండి: ఓల్టేజి హెచ్చుతగ్గుల వల్ల జరిగిన నష్టం వర్తించదని తరచు ఉంటుంది. దీనికి మందు ఇంట్లోనే ఉంది. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఫ్రిజ్‌కూ ఏసీకీ స్టెబిలైజర్ పెట్టండి. "స్టెబిలైజర్ అక్కర్లేదు" అని రాసి ఉన్న ఏసీ అయినా, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకు అక్కర్లేదో దాని మీదే రాసి ఉంటుంది, అది చదవండి. ఓల్టేజి తరచు పడిపోతుంటే 1912కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

రెండోది ఉప్పుగాలి. నాగాయలంక, కోడూరు వైపు, బందరులో మంగినపూడి వైపు ఉన్న ఇళ్ళకు ఇది పెద్ద సమస్య. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రెక్కలు తుప్పుపట్టి పొడిలా రాలతాయి, గొట్టానికి సన్నని చిల్లుపడి గ్యాస్ కారిపోతుంది. తుప్పు కూడా చాలా కాగితాల్లో "వర్తించదు" జాబితాలోనే ఉంటుంది. కొనేటప్పుడే రాగి గొట్టాలు, తుప్పును ఆపే పూత ఉన్న మోడల్ ఎంచుకోండి. యూనిట్‌ను సముద్రపు గాలి నేరుగా తగలని గోడకు బిగించండి. సర్వీసు చేయించినప్పుడల్లా మంచినీళ్ళతో కడిగించండి.

మూడోది నీరు. దివిసీమలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. వాటిలోని లవణాలు గీజర్ కాయిల్ మీద, వాషింగ్ మెషీన్ గొట్టాల్లో సున్నంలా పేరుకుంటాయి. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉండాలని, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. మీ నీళ్ళు ఎంత ఉన్నాయో ఒకసారి పరీక్ష చేయించుకుంటే వాటర్ ప్యూరిఫైయర్, గీజర్, వాషింగ్ మెషీన్ మూడింటి గురించీ సరైన నిర్ణయం తీసుకోగలరు.

నాలుగోది ఎలుకలు, బల్లులు, చీమలు. వరి కోతలు అయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్ళవైపు వస్తాయి. వాషింగ్ మెషీన్ అడుగున దూరి వైర్లు కొరుకుతాయి. వెచ్చగా ఉండే ఏసీ బోర్డు మీదకు బల్లి చేరి షార్ట్ అవుతుంది. "ఎలుకలు, పురుగుల వల్ల" అన్న మాట మినహాయింపుల్లో ఉందేమో వెతకండి, సాధారణంగా ఉంటుంది. మెషీన్ అడుగున ఇనుప జాలీ పట్టిస్తే వందల్లో తేలిపోతుంది.

ఐదోది వరద, పిడుగు, తుపాను. ఇవి "దైవికం" కింద పోతాయి. ఈ చివరిదాని గురించి కాస్త విడిగా చెప్పుకోవాలి.

భరించలేని నష్టానికి వేరే దారి

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో వేల ఇళ్ళు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వెళ్ళి, దివిసీమ లంక గ్రామాలనూ చుట్టుముట్టింది. మునిగిన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు వీధుల్లో వరసగా ఆరబెట్టుకున్న కుటుంబాలను మనమందరం చూశాం. విజయవాడలో నీట మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకు ప్రభుత్వం 25,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. అంతటి నష్టానికి అది కొంత ఊరటే. అలాంటప్పుడు మామూలు అదనపు వారంటీ అక్కరకు రాదు.

అక్కరకు వచ్చేది ఇంటి బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు "భారత్ గృహ రక్ష" పేరుతో ఒకే రకం నిబంధనలున్న పాలసీ అందిస్తున్నాయి. అగ్నిప్రమాదం, తుపాను, వరద వల్ల ఇంటికి జరిగే నష్టానికి అది వర్తిస్తుంది. ఇంటికి ఎంత బీమా చేశారో అందులో 20 శాతం మేర, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంట్లోని సామానుకు కూడా రక్షణ కలిసే ఉంటుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. అయితే ఓల్టేజి వల్ల యంత్రం లోపలే కాలిపోతే ఈ పాలసీ కూడా ఆదుకోదు. అందుకే స్టెబిలైజర్, ఎర్తింగ్ గురించి ముందుగా చెప్పాను.

ఈ గడ్డకు బీమా కొత్త కాదు. 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య, రెండేళ్ళ తర్వాత 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ప్రారంభించారు. పొదుపుకు ఒక సంస్థ, ఆపదకు ఇంకొకటి. మన ఇంటి లెక్కలో కూడా ఆ రెండూ వేరుగా ఉండాలి. మూడు వేల రిపేరును మనం తట్టుకోగలం, దానికి పొదుపు చాలు. ఇల్లూ సామానూ ఒక్క రాత్రిలో పోతే తట్టుకోలేం, దానికే బీమా కావాలి. చాలా ఇళ్ళలో ఇది తలకిందులుగా జరుగుతోంది. మిక్సీకి కూడా అదనపు వారంటీ ఉంటుంది గానీ, ఇంటికి మాత్రం బీమా ఉండదు.

రెండు నిమిషాల లెక్క

వారంటీ ధరను, ఒక మామూలు రిపేరు ఖర్చుతో భాగించండి. ఉదాహరణకు ఫ్రిజ్‌కు రెండేళ్ళ అదనపు వారంటీ 3,000 రూపాయలు, మీ ఊరి మెకానిక్ లెక్కన ఒక మామూలు రిపేరు 3,500 అనుకుందాం. 3,000ను 3,500తో భాగిస్తే దాదాపు 0.86 వస్తుంది. అంటే ఇలాంటి వంద ఫ్రిజ్‌లలో 86 ఆ రెండేళ్ళలో చెడితే తప్ప మీ డబ్బు కిట్టుబాటు కాదు.

నిజంగా ఎన్ని చెడతాయి? దానికి ఏ సర్వే అక్కర్లేదు. మీ వీధిలో రెండు నుంచి నాలుగేళ్ళ కిందట ఫ్రిజ్ కొన్న పది ఇళ్ళవాళ్ళను అడగండి: "అత్తా, మీ ఫ్రిజ్‌కు ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది? దేనివల్ల పోయింది?" రెండో ప్రశ్న ముఖ్యం. ఓల్టేజి వల్లో ఎలుక వల్లో పోయినవి లెక్కలోంచి తీసేయండి, వాటికి వారంటీ ఎలాగూ రాదు. మిగిలినవి పదికి రెండో మూడో తేలితే, మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

ఇదే లెక్క ఇన్వర్టర్ ఏసీకి వేయండి. వారంటీ 5,000, బోర్డో కాయిలో మార్చడానికి 9,000 అనుకుంటే వందకు 56 దగ్గర కిట్టుబాటు అవుతుంది. ఒక్క రిపేరుతో ఆగకపోతే ఇంకా ముందే అవుతుంది. తుప్పు, గ్యాస్ కూడా వర్తించే ప్లాన్ అయితే సముద్రానికి దగ్గరున్న ఇంటికి ఇది ఆలోచించదగ్గ ఖర్చు.

వస్తువు వారీగా

ఫ్రిజ్: వద్దు. కంప్రెసర్‌కు పొడవాటి వారంటీ ఉంది, మిగతా రిపేర్లు చేయగల మెకానిక్ దాదాపు ప్రతి మండల కేంద్రంలో దొరుకుతాడు.

వాషింగ్ మెషీన్: సెమీ ఆటోమేటిక్ అయితే వద్దు. ఖరీదైన ఫ్రంట్ లోడ్ అయితే బోర్డు ధర కనుక్కుని లెక్క వేయండి.

ఇన్వర్టర్ ఏసీ: బోర్డు, కాయిల్, గ్యాస్, కూలి నాలుగూ కాగితంలో ఉంటే కొనవచ్చు. ఒక్కటి లేకపోయినా మళ్ళీ ఆలోచించండి.

పెద్ద టీవీ: ప్యానల్ పోతే రిపేరు ఖర్చు టీవీ ధరకు దగ్గరగా వెళ్తుంది. కంపెనీ ఇచ్చే ప్యానల్ వారంటీ ఎన్నేళ్ళో ముందు చూడండి. ఏడాదే అయితే, టీవీ ఖరీదైనదైతే, కంపెనీ ప్లాన్ సబబు. తెర పగిలితే మాత్రం మామూలు ప్లాన్ వర్తించదు.

గీజర్, మిక్సీ, గ్రైండర్, ఫ్యాను, ఇన్వర్టర్ బ్యాటరీ: వద్దు.

వాటర్ ప్యూరిఫైయర్: దీనికి ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చే ఖర్చే ఎక్కువ. అవి కలిసిన వార్షిక సర్వీసు ఒప్పందం ఉంటేనే పోల్చి చూడండి.

కొనాలనుకుంటే అడగవలసినవి

ఎవరిది ఈ ప్లాన్, కంపెనీదా, షాపుదా, వేరే సంస్థదా? షాపు మూతపడినా చెల్లుతుందా? వీలైనంతవరకు వస్తువు తయారుచేసిన కంపెనీదే తీసుకోండి.

మా ఊరికి మనిషి వస్తాడా? ఇది మనలాంటి పల్లెల వాళ్ళు తప్పక అడగాలి. సర్వీసు సెంటరు బెజవాడలో ఉండి, "ఫ్రిజ్ మీరే తీసుకురండి" అంటే ఆటో కిరాయికే సగం డబ్బు పోతుంది. మీ పిన్‌కోడ్ చెప్పి, ఇంటికొచ్చి చేస్తారా, రాకపోకల ఖర్చు ఎవరిది అని అడిగి, జవాబు మెసేజ్ రూపంలో తీసుకోండి.

బాగుచేయలేకపోతే ఏమిస్తారు? కొత్త వస్తువా, తరుగుదల పోను డబ్బా, అదే షాపులో చెల్లే కూపనా?

ఇప్పుడే కొనాలా? చాలా కంపెనీలు మొదటి ఏడాది వారంటీ నడుస్తున్నంతకాలం అదనపు వారంటీ అమ్ముతాయి. అలాగైతే కౌంటర్ దగ్గర తొందరపడే పనే లేదు. "కాగితం ఇవ్వండి బాబూ, ఇంటికెళ్ళి చదువుకుని చెప్తాం" అనండి. పదకొండో నెలలో, వస్తువు ఎలా పనిచేస్తోందో చూసి నిర్ణయించుకోవచ్చు. బ్రిటన్‌లో 2005లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఏడాదికి మించిన ఇలాంటి వారంటీని 45 రోజుల్లోపు రద్దు చేసుకుని, క్లెయిమ్ చేసి ఉండకపోతే పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఆలోచించుకునే వ్యవధి కొనేవాళ్ళ హక్కని అక్కడ చట్టమే గుర్తించింది. మనం ఆ వ్యవధిని నోరు తెరిచి అడిగి తీసుకోవాలి.

వాయిదాల మీద కొంటుంటే, వారంటీ డబ్బు కూడా అప్పులో కలిపారేమో చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే, మీరు ఎంచుకోని ప్లాన్ బుట్టలో చేరిందేమో చూసి తీసేయండి. అడగకుండా ఇలా చేర్చడాన్ని కేంద్రం 2023 నవంబరు 30న జారీ చేసిన మార్గదర్శకాలు నిషేధించాయి.

కాగితం ఉన్నా పని జరగకపోతే

బిల్లు తీసుకోండి, ఇంటికి రాగానే ఫొటో తీసుకోండి. షాపు బిల్లు మీది అచ్చు ఏడాదిలో మాసిపోతుంది. సీరియల్ నంబరు, వారంటీ నంబరు ఒకేచోట ఉంచండి. ప్రతి ఫిర్యాదుకూ నంబరు అడగండి, మెకానిక్ వచ్చినప్పుడల్లా జాబ్ కార్డు తీసుకోండి.

అప్పటికీ స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే బందరులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వస్తువు ఎక్కడ కొన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు వేయాలి. డబ్బు కట్టి కొన్న మాటను నిలబెట్టమని అడగడం గొడవ పెట్టుకోవడం కాదు, అది మన హక్కు.

ఈ నెలలోనే మొదలుపెట్టండి

అదనపు వారంటీ వద్దన్న రోజున, షాపువాళ్ళు అడిగిన మొత్తాన్ని అదే రోజు విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో వేయండి. పోస్టాఫీసులోనైనా, మీ సహకార బ్యాంకులోనైనా సరే. రికరింగ్ డిపాజిట్ మంచిదే గానీ, రిపేరు వచ్చిన రోజు డబ్బు చేతికందాలి కాబట్టి సేవింగ్స్ ఖాతాయే మేలు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, టీవీ, గీజర్ నాలుగింటికీ కలిపి ఒకే నిధి. వారంటీ ఒక్క వస్తువుకే కట్టుబడి ఉంటుంది, ఈ నిధి ఏది చెడితే దానికి పనికొస్తుంది. ఓల్టేజి వల్ల పోయినా, ఎలుక కొరికినా "వర్తించదు" అనదు. ఏదీ చెడకపోతే డబ్బంతా మీదే.

ఈ పద్ధతికి కావలసింది ఒక్క క్రమశిక్షణ: ఆ ఖాతాను పండగ ఖర్చుకు ముట్టుకోకూడదు. ఇంట్లో ఖర్చులు చూసుకునే మనిషి పేరు మీద ఖాతా తెరవండి. ఈ నెలలో ఎర్తింగ్ చూపించండి, వచ్చే నెలలో ఇంటి బీమా గురించి కనుక్కోండి. ఈ మూడూ ఉన్న ఇంటివాళ్ళు, తర్వాత ఏ షాపులో ఎవరు ఏ ప్లాన్ చూపించినా, భయంతో కాకుండా లెక్కతో అవుననో కాదనో చెప్పగలరు.